సగం దించిన షట్టరు

సెలూనులో చిన్నాయన నురగ కప్పులో బ్రష్షు గిరగిరా తిప్పుతూనే ఓ కంట తండ్రిని కనిపెడుతున్నాడు. తలుపు పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన లేచి, భుజమ్మీది తువ్వాలుతో ఖాళీ కుర్చీ దులిపాడు. దులిపిన కుర్చీనే మళ్ళీ దులిపి, వీధిలో పోయేవాళ్ళ వంక ఆశగా చూశాడు.

చిన్నాయనకు యాభై దాటాయి, జుట్టు నెరిసింది. అయినా వీధికి తండ్రి పెద్దాయన, తను ఇంకా చిన్నాయనే. కత్తెర పట్టినప్పటి నుంచీ ఇదే సెలూను, ఇవే మసకబారిన అద్దాలు. ఎప్పుడూ పక్కకు తప్పుకునే మనిషి; ఎవరి ఫోటోలోనైనా పడ్డాడంటే, మూలన సగం భుజమే కనిపిస్తుంది.

పెద్దాయనది మతిమరుపు జబ్బు. ముందు దువ్వెనలు ఎక్కడ పెట్టిందీ మరిచాడు. తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత కొడుకు ముఖం. దుకాణం నియమాలు మాత్రం ఒక్కటీ మరవలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. దుకాణం తెరిచి ఉండగా పనివాడు, తనైనా సరే, గీయించుకోవడానికి కుర్చీ ఎక్కకూడదు. “వడ్డించేవాడే పంక్తిలో కూర్చుంటే వచ్చినవాడి గతేంటి?” అనేవాడు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో. ఇంట్లో గీద్దామంటే కత్తి చూడగానే బెదిరి చెయ్యి విసిరికొట్టేవాడు. గడ్డం గుండెల దాకా దిగింది. గోకి గోకి దాని కింద పుళ్ళు పడ్డాయి, చీము పట్టింది.

పొరుగూరి నుంచి వచ్చిన అక్క ఆ పుళ్ళు చూసి ఏడ్చి, ఆస్పత్రిలో మాట్లాడి వెళ్ళింది. రేపు కాంపౌండరు వస్తాడు. మత్తు సూది వేసి, ఇద్దరు పట్టుకుని గడ్డం తీసేస్తారు. అక్క తప్పేం లేదు. కానీ ఊరందరి గడ్డాలూ గీసిన చేతులుండి, కన్నతండ్రిని ఒకడు అదిమి పట్టుకుంటే చూస్తూ నిలబడాలా అని చిన్నాయన పొద్దుటి నుంచి అనుకుంటూనే ఉన్నాడు.

“కూర్చో నాన్నా.”

“ముందు మీరు కూర్చోండి బాబూ. మా అబ్బాయి వస్తాడు, చేస్తాడు.”

“ఎప్పుడొస్తాడు?”

“వస్తాడు. వాడికి కాస్త నిదానం ఎక్కువ.”

పక్కనే ఉన్న కోడలు, చిన్నాయన భార్య, నవ్వు ఆపుకుంది. రోజూ ఎండ తగ్గకముందే మామగారిని ఇంటికి తీసుకుపోయేది ఆమే. చీకటి పడితే ఆయనకు బెదురు ఎక్కువ. అందుకే దుకాణం మూయడం ఆయన చూసి చాలా కాలమైంది.

భోజనాల వేళ ఉన్నట్టుండి వాన ముంచుకొచ్చింది. జల్లు అద్దాల దాకా కొడుతుంటే చిన్నాయన పరుగున వెళ్ళి షట్టరు సగానికి లాగాడు. గదిలో మసక కమ్మింది. వెనక్కి తిరిగేసరికి పెద్దాయన తువ్వాలు మడిచి మేకుకు తగిలిస్తున్నాడు. తగిలించి, తిన్నగా నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు.

చిన్నాయనకు అప్పుడు వెలిగింది. షట్టరు సగం దిగిందంటే బేరాలు అయిపోయినట్టు. ఇక పనివాళ్ళు ఒకరికొకరు గీసుకోవచ్చు. తను మొట్టమొదట కత్తి పెట్టింది ఈ గడ్డం మీదే, ఇలాంటి మసకలోనే. ఇన్నాళ్ళూ ఆ సంగతి మరిచింది పెద్దాయన కాదు, తనే.

షట్టరు కింద ఎవరివో తడిసిన చెప్పులు కనిపించాయి. కోడలు గొడుగు తీసుకుని వంగి బయటికి దూరింది.

“లోపల పెద్దమనిషి కూర్చున్నాడన్నా, రేపు రా.”

చిన్నాయన ముందు కత్తెరతో గడ్డం తగ్గించాడు. వేడినీళ్ళ గుడ్డ వేసి నానబెట్టాడు. నురగ పట్టించి, పుళ్ళ చుట్టూ ఊపిరి బిగబట్టి గీశాడు. పెద్దాయన కదల్లేదు.

“మెడ దగ్గర ఎదురు గీయకురా,” అన్నాడు కళ్ళు మూసుకునే.

“అలాగే నాన్నా.”

నురగ తుడిచాక అద్దంలో పాత ముఖం బయటపడింది. చిన్నాయన కత్తి కింద పెట్టబోయాడు.

“పటిక మరిచావు.”

అప్పుడే లోపలికొచ్చిన కోడలు పకపకా నవ్వింది. “మరిచిపోయే జబ్బు ఎవరికో మరి.” చిన్నాయన కూడా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. తండ్రి చెంపల మీద పటిక రుద్దాడు.

మర్నాడు కాంపౌండరు వచ్చి, పుళ్ళకు మందు రాసి, సూది సంచిలోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వారం వారం, మిట్టమధ్యాహ్నం ఆ షట్టరు సగం దిగేది. వీధి అలవాటు పడింది. పుళ్ళు మానాయి.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒకనాడు, గీయడం అయ్యాక, పెద్దాయన కుర్చీలోనే నిద్రపోయాడు, మళ్ళీ లేవలేదు. ఆ పుళ్ళు చూసి వెళ్ళాక మళ్ళీ ఇప్పుడే వచ్చిన అక్క తండ్రి చెంప నిమిరింది.

“ఇంత నున్నగా ఎవరు గీశారురా?”

“నేనే అక్కా. నాన్న ఒప్పుకున్నాడు.”

జీవితంలో మొదటిసారి చిన్నాయన తన పని గురించి తలెత్తి చెప్పాడు. అద్దం కింద పలక మీద, తండ్రీకొడుకులిద్దరి బొటనవేళ్ళ ఒత్తిడికి గుంట పడ్డ పటిక ముక్క ఇంకా తడారలేదు.