రెండు సుడుల తల

నెత్తిన ఒక్క వెంట్రుకైనా లేని మనిషికి చొక్కా జేబులో దువ్వెన ఎందుకండీ? ఆసుపత్రి మొత్తానికీ అదో వింత. అందుకే అతని అసలు పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది. అందరి నోళ్ళలోనూ అతను దువ్వెనే.

పాతికేళ్ళుగా మార్చురీలో పని. వచ్చిన శవాన్ని దింపుకోవాలి, కాలి బొటనవేలికి నంబరు కట్టాలి, చల్లటి పెట్టెలో పెట్టాలి, అయినవాళ్ళు వస్తే అప్పగించాలి. అంతవరకే. తల దువ్వమని ఏ కాగితంలోనూ రాసిలేదు. దువ్వెన మాత్రం దువ్వేవాడు. తడిగుడ్డతో ముఖం తుడిచి, చిక్కులు తీసి, పాపిడి తీసి, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టి గానీ ఎవరికీ చూపించేవాడు కాదు.

"ఏం బాబాయ్, పెళ్ళిచూపులకా?" అని ఏడిపించేవాడు అక్కడి గుమస్తా.

"చివరిచూపులకి రా అబ్బాయ్," అనేవాడు దువ్వెన. "నువ్వు నీ రిజిస్టరు చూసుకో."

ఎందుకు చేస్తాడో గుమస్తాకు చెప్పలేదు. చెప్పుకునేలాంటిదా అది! ఇరవై ఆరేళ్ళ కిందట అతని భార్య వేరే ఆసుపత్రిలో పోయింది. నెల రోజులు మంచాన పడి జుట్టంతా అట్టలు కట్టింది. అలాగే దుప్పట్లో చుట్టి చేతికిచ్చారు. ఆరేళ్ళ కూతురు గుమ్మంలోంచే చూసి, "అమ్మ కాదు! అమ్మ కాదు!" అని కెవ్వుమని పక్కింట్లోకి పరుగెత్తి మంచం కింద దూరింది. ఎంత బతిమాలినా రాలేదు. ఆ పిల్లకిప్పుడు ఇద్దరు పిల్లలు. అమ్మ ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రాదంటుంది, ఆ జుట్టే కళ్ళముందు కదులుతుందంటుంది. ఆ రోజుల్లో అతనికి తల నిండా జుట్టుండేది, జేబులో ఇదే దువ్వెన ఉండేది. తీసి నాలుగుసార్లు దువ్వుదామన్న బుద్ధి పుట్టలేదే అని ఇప్పటికీ కుమిలిపోతాడు.

ఆ పొద్దున, కడుతున్న మేడ మీద నుంచి పడి పోయిన కూలీని తెచ్చారు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పనిలో చేరిన మొదటి రోజే. మేస్త్రీకి పేరు కూడా సరిగ్గా తెలియదు. ఒంటిమీద అందరికీ ఇచ్చే నీలం బట్టలు, జేబులు ఖాళీ, ఫోను ముక్కలు ముక్కలు. ముఖం ఒక పక్క వాచిపోయింది.

ఇక తలంటారా, బాబోయ్! సిమెంటూ దుమ్మూ రక్తమూ కలిసి గడ్డకట్టింది. కడగడానికే అరగంట పట్టింది. నడినెత్తిన చూస్తే రెండు సుడులు. ఒకదాన్ని అణిస్తే రెండోది లేచి కూర్చుంటుంది. "ఓరి నీ మొండితనం పాడుగాను!" అని విసుక్కుంటూనే నూనె పూసి, నీళ్ళద్ది, ఎట్టకేలకు రెంటినీ పడుకోబెట్టి ఎడమ పాపిడి తీశాడు. బడిలో ఫొటోకి కూర్చున్న బుద్ధిమంతుడిలా తయారయ్యాడు కుర్రాడు. తన పనితనానికి దువ్వెన తనే మురిసిపోయాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ఇస్త్రీ చేసుకుని బతికే మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు. కొడుకు ఫోను తియ్యడం లేదని పని దగ్గరికి వెళ్తే, ఒకసారి ఇక్కడ చూసుకోమని మేస్త్రీ పంపాడట. గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. దువ్వెన దుప్పటి తొలగించాడు. ఆమె చూసింది. మళ్ళీ చూసింది. ఒక్కసారిగా ముఖం విప్పారింది.

"కాదన్నా! మావాడు కాదు! మావాడు జన్మలో తల దువ్విన పాపాన పోలేదు. వాడి తల పిచ్చుక గూడే!" అంటూ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "పాపం, ఎవరు కన్న బిడ్డో."

గుమస్తా రిజిస్టరు తీసి, "కాదన్నట్టు సంతకం పెట్టాలమ్మా, రాస్తున్నాను, కూర్చో," అన్నాడు. ఆమె వరండా బల్ల మీద కూర్చుని చెల్లెలికి ఫోను చేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

"మన రెండు సుడులోడు ఎక్కడో బలాదూరు తిరుగుతున్నాడే! రెండు పెళ్ళిళ్ళు చేసుకుంటాడని ఏడిపిస్తారుగా మీరంతా, ముందు ఒక్కటి చేసి పారేస్తే బుద్ధొస్తుంది. ఇంటికి రానీ, చెప్తాను వాడి పని!"

గుమ్మం దగ్గర నిలబడ్డ దువ్వెన చెవిన ఆ రెండు సుడుల మాట పడింది. లోపలికొచ్చి గుమస్తాకు చెప్పాడు.

"నీకెందుకు బాబాయ్ ఈ గొడవ?" అన్నాడు గుమస్తా. "గుర్తుపట్టడం మన డ్యూటీ కాదు. కాదంది, పోతుంది. మూడు రోజులాగి మునిసిపాలిటీ వాళ్ళు పూడ్చేస్తారు."

నిజమే, ఎవరడుగుతారు? నాలుగు రోజులైనా ఆ తల్లిని సంతోషంగా ఉండనిస్తే ఏం పోయింది? కానీ ఆ తరవాత? గుమ్మంలో అలికిడైతే చాలు లేచి చూస్తుంది, ఏళ్ళ తరబడి. బిడ్డేమో ఊరూ పేరూ లేని గోతిలో ఉంటాడు. చూడాల్సిన ముఖం ఆ రోజు చూడలేక ఇరవై ఆరేళ్ళుగా వెతుక్కుంటున్న పిల్ల అతని ఇంట్లోనే ఉంది. పైగా ఈ మాయ చేసింది ఎవరు? తన దువ్వెనే కదా! చెరపాల్సిందీ తనే.

పొడిగుడ్డతో నూనె తుడిచాడు. తను తీసిన పాపిడిని తన వేళ్ళతోనే చెరిపేశాడు. సుడులు రెండూ లేచి నిలబడ్డాయి. అప్పుడు బయటికి వెళ్ళాడు.

"అమ్మా, ఇంకొక్కసారి చూడు."

"చూశానుగా అన్నా, కాదన్నానుగా," అంది, నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది.

"తప్పు నాదమ్మా. తల... నేను దువ్వాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. లేచి లోపలికి నడిచింది. ఆ చింపిరి తల మీద చెయ్యి వేసి రెండు సుడులనూ వేళ్ళతో తడిమింది. దువ్వెన తల వంచుకుని ఏడ్చాడు. పాతికేళ్ళలో ఆ గదిలో అతను ఏడవడం అదే మొదలు.

"ఎంత బాగా దువ్వావన్నా," అంది చివరికి. "దువ్వుకోరా దువ్వుకోరా అని రోజూ చచ్చేదాన్ని. ఒక్కనాడు వింటేగా! తీరా దువ్వుకున్ననాడు నేనే పోల్చుకోలేకపోయాను." చెయ్యి చాచింది. "అది ఇటివ్వు."

జేబులోంచి దువ్వెన తీసి ఇచ్చాడు. గుమస్తా రిజిస్టరు మూసేసి, ఎవరూ చెప్పకుండానే చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"పాపిడి ఎటు తీశావన్నా?"

"ఎడమకమ్మా."

ఆమె నీళ్ళద్ది ఎడమకే తీసింది. సుడులు మళ్ళీ లేచాయి. "చూశావా, ఇంకా మాట వినడం లేదు," అంది. అరచెయ్యి వాటి మీద పెట్టి, మెల్లిగా అణిచి పట్టుకుంది. ఇక తియ్యలేదు.