తనిఖీ తీసేశాక

అంబులెన్సు తోలుకునే నాకు చదువు అబ్బలేదు. మా ఆవిడ తమ్ముడికి అబ్బింది. ఆ చదువే వాడి మెడకు చుట్టుకుంది. కాల్స్ తీసుకునే గదిలో కంప్యూటర్లు చూసేది వాడే. అక్కడ చిరునామా కొడితే అది మా బండిలోని తెరమీద పడాలి.

మొన్నటిదాకా ఆ సిస్టమ్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. కాల్స్ తీసుకునేవాళ్ళు చిరునామా పంపామనుకునేవారు, మాకు అందేది కాదు. తప్పెక్కడో దొరక్క, వాడు సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఒక తనిఖీ పెట్టాడు. లోపల జరిగే ప్రతి చిన్న పనినీ అది సరిచూస్తుంది. దాంతో బిగుసుకోవడం ఆగింది గానీ, చిరునామాలకు నత్తనడక వచ్చింది.

నిన్న మధ్యాహ్నం డ్రైవర్లందరం ఆ గదిలోకి దూరాం.

"ఏవయ్యా, మీ చిరునామా వచ్చేలోపు రోగే నడిచొచ్చి బండెక్కేలా ఉన్నాడు!" అన్నాడొకడు.

మేనేజరు మా బావమరిదివైపు తిరిగాడు. "తప్పు దొరికిందా?"

"లేద్సార్."

"మరింకా ఎందుకది? తీసెయ్."

"దొరకలేదనే భయం సార్. లోపలెక్కడో రెండు పనులు ఒకేసారి తగులుకుంటే బిగుసుకుంటోంది. తనిఖీ వల్ల అన్నీ నెమ్మదించాయి కాబట్టి తగులుకోవట్లేదు. అంతే. రోగం అలాగే ఉంది."

"తనిఖీ పోవాలి, లేదా నువ్వు పోవాలి."

"బావా, నువ్వైనా చెప్పు."

నేనేం చెప్పను? చిరునామా ఆలస్యమై, ఆ వారమే ఒక పెద్దాయన నా బండిలో పోయాడు. ఆయన కూతురు తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. పైగా వీడి ఉద్యోగం పోతే మా ఆవిడకు నిద్ర ఉండదు.

"తీసెయ్‌రా" అన్నాను.

తీసేశాడు. చిరునామాలు టకటకా పడ్డాయి. మేనేజరు వాడి భుజం తట్టాడు. వాడు మాత్రం తెరమీంచి చూపు తిప్పలేదు.

ఇవాళ పొద్దున్నించీ నా తెర ఖాళీ. ఇదివరకైతే హాయిగా కునుకు తీసేవాణ్ణి. ఇప్పుడు ఆ తెరనే చూస్తూ కూర్చున్నాను. వాడికి ఫోన్ చేశాను.

"కాల్స్ లేవా, మళ్ళీ బిగుసుకుందా?"

"లేవు బావా. చూస్తూనే ఉన్నా."

"తిన్నావా?"

"కుర్చీలోంచి లేస్తే కదా."

"ఫోను పెట్టెయ్యకు. ఏ కాల్ వచ్చినా చిరునామా నోటితో చెప్పు" అన్నాను.

స్పీకరు పెట్టి, ఫోను స్టీరింగు ముందు ఆనించాను. అవతల వాడు కుర్చీలో కదిలిన చప్పుడు వినిపిస్తోంది.