దసరాకి పోసిన ఆయిల్

నేను ఒక ట్యాపెట్‌ను. పేరు వినగానే మీకేమీ అనిపించలేదని నాకు తెలుసు, నాకది అలవాటే. కారు కొనేవాళ్ళు టైర్లను కాలితో తన్ని చూస్తారు, సీట్ల మీద చెయ్యి వేసి నిమురుతారు, పాటలు ఎలా వినిపిస్తాయో అడుగుతారు. ఇంజను లోపల బొటనవేలంత ఇనప ముక్క ఒకటి పైకీ కిందికీ ఆడుతూ వాల్వులను తెరిపిస్తోందన్న సంగతి ఎవరికి కావాలి? మేం చప్పుడు చేస్తే తప్ప మీకు గుర్తుకు రాము. అప్పుడు కూడా "ట్యాపెట్ సౌండ్ వస్తోంది" అని విసుక్కుంటారు.

నా కింద క్యామ్ అనే కోడిగుడ్డు ఆకారపు ఇనుము తిరుగుతూ ఉంటుంది. దాని కొన తగిలినప్పుడల్లా నేను లేస్తాను. ఈ కాలపు ఇంజన్లు చాలావాటిలో ఆ చోట చిన్న రోలర్లు ఉంటాయి, దొర్లుకుంటూ సుఖంగా పోతాయి. మా పాతవాళ్ళకు ఆ యోగం లేదు. మా అడుగు చదును, రాసుకుంటూ బతకాల్సిందే. ఆ రాపిడికీ మాకూ మధ్య అడ్డు నిలిచేది పలచటి ఆయిల్ పొర ఒక్కటే.

నిజానికి చదును అనేది పైమాట. నన్ను పోతపోసి సానపట్టినవాళ్ళు అడుగున కంటికి ఆనని ఉబ్బు ఒకటి ఉంచారు. దానివల్ల లేచిన ప్రతిసారీ నేను కాస్త గుండ్రంగా తిరుగుతాను. అలా తిరగడం వల్లే ఒకేచోట అరిగిపోకుండా ఏళ్ళ తరబడి ఉన్నాను. ఒక అంబాసిడర్ కారులో మేం ఎనిమిది మందిమి అలా తిరుగుతూ బతికాం.

మొదట మమ్మల్ని కొన్నది విజయనగరం డాక్టరు. ఊళ్ళో అందరి గుండెలూ విన్నాడు కానీ మా చప్పుడు ఒక్కనాడూ చెవిన వేసుకోలేదు. అయినా మందుల వేళల్లాగే ఆయిల్ మార్పు కూడా తప్పించలేదు, ఆ పుణ్యం ఆయనదే. తరవాత ఒక కాంట్రాక్టరు చేతిలో పడ్డాం. ఆయన మాకోసం ప్రత్యేకంగా ఏదీ కొన్న పాపాన పోలేదు, తన లారీలకు పోయగా మిగిలిన డీజిల్ బండి ఆయిల్ మాకు వంచేవాడు. తమాషా ఏమిటంటే, ఆ మిగులు తిండే మా ఒంటికి బాగా పట్టింది. ఆయన నిర్లక్ష్యం మీద మేం హాయిగా బతికాం.

అక్కణ్ణించి బొబ్బిలి వచ్చాం, వరహాలరావు డ్రైవింగ్ స్కూలుకు. స్కూలంటే ఒక గది, ఒక బల్ల, మేము. మగవాళ్ళకు ఆయన నేర్పేవాడు, ఆడవాళ్ళకు ఆయన భార్య ఎల్లారమ్మ. ఎడమవైపు సీట్లో రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఆమె కూర్చుంటే ఎంత బెదురు మనిషికైనా ధైర్యం వచ్చేది. ఆ రాయిలాంటి స్టీరింగు చూసి ఎవరైనా జంకితే వరహాలరావు, "దీన్ని తిప్పినోళ్ళు ఇమానమైనా తిప్పీగలరు" అనేవాడు. ఆయన ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

చిన్న కొత్త కారు కొనమని ఎందరో చెప్పారు. ఆయన వినలేదు. "ఈ బండి ఉన్నన్నాళ్ళే స్కూలు. ఇది పోతే తలుపులు మూసీడమే" అని తేల్చేశాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఎల్లారమ్మ ముఖం మాడ్చుకునేది. బండి మీద ఆమెకు అంత మోజు లేదు, కానీ స్కూలు మూసేస్తే ఆమె మళ్ళీ వంటింట్లోకే వెళ్ళాలి.

దసరాకు కారుకు పూజ చేయడం మీరెరుగుదురు. బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, దిష్టికి గుమ్మడికాయ. వరహాలరావు ఇంట ఇంకో ఆచారం కూడా ఉంది: పూజకు ముందు ఇంజనులో కొత్త ఆయిల్ పడాలి. ఇంట్లో అందరికీ కొత్త బట్టలు కొని బండికి పాత ఆయిలుంచడం ఆయనకు మనసొప్పదు. ఒక ఏడు ఆయనకు ఉత్సాహం మరీ ఎక్కువైంది. షాపులో ఉన్నవాటన్నిట్లో ఖరీదైన డబ్బా, మెరిసే వెండిరంగుది, కొత్త మోడల్ కార్లకు పోసేది తెచ్చాడు. మెకానిక్ గౌస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లేటెస్టు మాలు మాస్టారూ, తిరుగుండదు" అని పోసేశాడు. ఎంత ప్రేమగా పోశారో నేను చెప్పగలను. ఇంజను మీద కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

ఆ ఆయిల్ నీళ్ళలా జారింది. కొన్నాళ్ళు బాగానే గడిచింది. తరవాత ఒకరోజు నాకూ క్యామ్‌కూ మధ్య పొర తెగింది. ఇనుము ఇనుముకు తగిలింది. ఆ రోజే నేను తిరగడం ఆగిపోయింది. అప్పటినుంచి ఒకే చోట రాసుకుంటూ, నేను క్యామ్‌నీ, క్యామ్ నన్నూ తినేయడం మొదలుపెట్టాం. నాకు చాలా భయం వేసింది. అరవడం తప్ప చేయగలిగిందేమీ లేదు, అరిచాను. టిక్, టిక్, టిక్.

గౌస్ వచ్చి, వాల్వు దగ్గర అరుగుదలకు పెరిగిన గ్యాప్ సరిచేశాడు, నోరు మూసుకున్నాను. వారం తిరక్కుండానే మళ్ళీ అరిచాను. మళ్ళీ సరిచేశాడు, మళ్ళీ అరిచాను.

ఎల్లారమ్మ ఊరుకోలేదు. "పండక్కి ముందు ఈ సప్పుడు నేదు. మీరు పోయించిన ఆయిలుతోటే వొచ్చింది" అంది.

"ఓసి, అంత మంచి ఆయిలు తెచ్చి పోస్తే దాన్నే అంటావేటి?" అన్నాడు వరహాలరావు. ఆయన మనసు చివుక్కుమంది.

"నేను ఆయిల్ని అన్నాను, మిమ్మల్ని అన్లేదు. గౌసూ, సరిచేసిన గ్యాపు మళ్ళీ ఎలా పెరిగిపోతంది? లోపల ఏదో అరిగిపోతేనే కదా?"

గౌస్ పానా అందుకుని, "ఇంజను ఇప్పాల్సిందే మాస్టరమ్మా" అన్నాడు.

ఇంజను విప్పినప్పుడు ట్యాపెట్లు కలిసిపోకూడదు, ఎవరి క్యామ్‌కు వాళ్ళే అలవాటుపడి ఉంటారు. వరసలో పెట్టడానికి గుంటలున్నదేదైనా తెమ్మని గౌస్ అడిగితే, ఎల్లారమ్మ వంటింట్లోంచి రెండు ఇడ్లీ ప్లేట్లు తెచ్చింది. మేం ఎనిమిది మందిమీ గుంటల్లో బుద్ధిగా కూర్చున్నాం. ఏడుగురి అడుగులూ ఇంకా మెరుస్తున్నాయి. నా అడుగు మాత్రం గరిటెలా గుంటపడింది. నా క్యామ్ కొన మొండిగా అరిగిపోయింది.

గౌస్ నా ఫొటో తీసి విశాఖపట్నంలో తనకు పని నేర్పిన ఉస్తాదుకు పంపాడు. వెంటనే ఫోన్ మోగింది. "ఏ ఆయిలు పోసినావురా? కొత్త బళ్ళకి పొగగొట్టంలో పొగని శుభ్రం చేసే జల్లెడుంటది. జింకు దాన్ని పాడుచేస్తదని ఆ ఆయిల్లో తగ్గించేస్తారు. అడుగు సాపుగున్న ట్యాపెట్‌కి ఆ జింకే కదరా కవచం! చిక్కటి పాత రకం పొయ్యి. అది దొరక్కపోతే డీజిల్ బండిది పొయ్యి." కాంట్రాక్టరు లారీ ఆయిల్ నాకు గుర్తొచ్చింది.

వరహాలరావు నన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గుంటపడిన నా అడుగును బొటనవేలితో తడిమాడు. "నానే సంపీసినాను దీన్ని" అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. నాకు కోపం రాలేదు. ప్రేమతో తెచ్చినది తప్పయితే ఎవరిమీద కోప్పడను?

"బండి ఇంకా సావలేదు" అంది ఎల్లారమ్మ.

కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వచ్చాయి. క్యామ్ మారితే ట్యాపెట్లన్నీ మారాలట, కాబట్టి బాగున్న ఏడుగురూ నా పాపానికి పాత ఇనుముల బండి ఎక్కారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నేను కూడా వెళ్ళేదాన్నే, ఎల్లారమ్మ నన్ను కొంగున ముడివేసుకోకపోతే.

కొత్తవాళ్ళకు మొదటి పరీక్ష ఇంజను తొలిసారి తిరిగినప్పుడే. స్టార్టవగానే నెమ్మదిగా గురగురలాడనివ్వకూడదు, కాసేపు వేగంగానే తిప్పుతూ ఉండాలి, అప్పుడే ఆయిల్ బాగా చిమ్మి వాళ్ళు క్యామ్‌తో కుదురుకుంటారు. జీవితమంతా "ఎక్సిలేటర్ తొక్కకండి" అని చెప్పిన వరహాలరావు ఆ హోరు వినలేక రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ఎల్లారమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుని కాలు కదపకుండా తొక్కిపట్టింది. చెమటలు కారుతున్నా కాలు తియ్యలేదు. గౌస్ చెయ్యి ఊపాక మెల్లగా వదిలింది. టిక్ అనే శబ్దం లేదు. రోడ్డు మీంచి వరహాలరావు పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చెవి పెట్టాడు, ఆ డాక్టరుగారు ఎన్నడూ చెయ్యని పని చేశాడు.

నా ఒంటికి పక్కగా ఉన్న చిన్న రంధ్రంలోంచి తాళాల రింగు దూర్చి, ఎల్లారమ్మ నన్ను కారు తాళానికి తగిలించింది. బాగా పాడైపోయినందుకు దొరికిన గౌరవం ఇది.

తరవాతి దసరా వచ్చింది. షాపువాడు మెరిసే డబ్బా ఒకటి ముందుకు జరిపి, "ఇది తీస్కెళ్ళండి మాస్టారూ, కొత్తగా వొచ్చింది, దీన్ని మించింది నేదు" అన్నాడు. వరహాలరావు చెయ్యి దానికేసి కదలడం నేను చూశాను. పండగ కదా, మనసాగదు. ఎల్లారమ్మ తాళం కౌంటర్ మీద పెట్టి, నా గుంటపడిన అడుగు ఆయనకు కనబడేలా తిప్పింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ముసిలి బండి బాబూ. జింకున్న చిక్కటాయిలే ఇయ్యి" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎవరో బెదురుచేతి ఆడమనిషి తాళం తిప్పుతుంది, నేను స్టీరింగు పక్కన ఊగుతాను. లోపల ఎనిమిది మంది కొత్తవాళ్ళు తిరుగుతూ ఉంటారు. నేను చెవులు రిక్కించి వింటాను. ఒక్క టిక్ కూడా వినబడదు. హమ్మయ్య అనుకుంటాను.