కొమ్మకు కాచే గడ్డ

ఈశ్వరప్ప సారును నేను క్షమించలేదు. క్షమించను కూడా. మా కాలేజీలో వృక్షశాస్త్రానికి ఆయనే పెద్ద. చీమల మొక్క మీద నేను రాసిన వర్ణనను తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. అడిగితే నవ్వాడు.

"ఏమ్మా త్రివేణీ, దీనికింత రాద్ధాంతమా? ఎవరి పేరుంటే ఏమిలే!"

చీమలు పెట్టిన పుట్ట పాముల పాలైందని సరిపెట్టుకోవడానికి నేను చీమను కాను.

అండమాన్ నుంచి తెచ్చిన ఆ మొక్కను అనంతపురం ఎండల్లో కానుగ కొమ్మకు కట్టి, తడి గోనెపట్టా చుట్టి సాకింది నేను. దానికి నేలతో పని లేదు. వేళ్లు బెరడును పట్టుకుంటాయి. కాండం మొదలు గడ్డలా ఉబ్బి, లోపల గదులు గదులుగా ఉంటుంది. అవి చీమలు తొలిచినవి కావు, మొక్కే కట్టిచ్చిన ఇల్లు. మా ఎర్రచీమలు అందులో కాపురం పెట్టాయి. కొన్ని గదుల్లో పిల్లల్ని పెంచుతాయి, కొన్నింట్లో చెత్త పోస్తాయి. ఆ చెత్తే మొక్కకు ఎరువు. ఇదంతా రాశాను. ఆయన పేరు పెట్టుకున్నాడే గాని చదవలేదు.

ఆ సంగతి కాలేజీలో మొక్కల ప్రదర్శనకు ముందురోజు, సారు మొక్కను చూడ్డానికొచ్చినప్పుడు బయటపడింది.

"గడ్డను కొమ్మకేల కట్టినావు? ఎర్రగడ్డ, ఉర్లగడ్డ యాడన్నా కొమ్మకు కాస్తాయా? తొట్టిలో పాతు. రేపు పెద్దోళ్లు వస్తాండారు."

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అట్లే సార్. నీళ్లు మాత్రం అందరి ముందర మీ చేత్తోనే పోయండి."

మొక్కను చూస్తే ఏడుపొచ్చింది. అయినా కసి ముందు జాలి నిలవలేదు. ఒక రెమ్మ తుంచి ఇంట్లో దాచుకుని, గడ్డను నేనే పాతాను.

మరునాడు ధర్మవరం పట్టుపంచె కట్టుకొచ్చి, ఈశ్వరప్ప సారు తొట్టిలో బిందెడు నీళ్లు కుమ్మరించాడు. గదులన్నీ మునిగాయి. చీమలు గుడ్లు నోట కరుచుకుని బయటికి ఉరికాయి, తొట్టి దిగి పంచెలోకి ఎక్కాయి. ఆయన గంతులేశాడు. పిల్లలు పగలబడి నవ్వారు.

బెంగళూరు నుంచి వచ్చిన ప్రొఫెసరు ముఖం చిట్లించాడు.

"దీన్ని మట్టిలో పాతారేమిటండీ? కొమ్మల మీదే బతుకుతుందని మీరే రాశారు కదా?"

"నేను రాయలేదప్పా! త్రివేణి రాసింది, ఆమెనే అడుగుపో!" అని అరిచాడు సారు, తొడలు గోక్కుంటూ.

నేను మైకు తీసుకెళ్లి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఇంకోసారి చెప్పండి సార్. ఎనకాలోళ్లకు ఇనపల్లేదంట."