నేల ఉసిరికి చెప్పిన పేరు

సత్యవేణి కాలవ గట్టు మీద నడుస్తోంది. ముందు మావగారు, వైద్యం గవర్రాజుగారు నడుస్తున్నారు. ఆయన పోయి నాలుగేళ్లయినా పంచె అంచుకు అదే తడి, ఎంత గబగబా అడుగులేసినా అందడం లేదు, గడ్డిమందు కొట్టిన గట్టు రెండు పక్కలా ఎర్రగా మాడి ఉంది, నడుస్తుండగానే ఆ గట్టు వైద్యశాలలో మందుల బీరువా అవుతోంది, సొరుగు లాగితే అందులోనూ మాడిన గడ్డే. ఊరొదిలి వెళ్లిపోయిన కొడుక్కి అంటని విద్య కోడలికి అంటిందని ఊరంతా మెచ్చుకున్న మనిషి ఆమె. ఇప్పుడు ఆ మెప్పు తలచుకుంటే సిగ్గేస్తోంది.

"కామెర్లవాళ్లెవరైనా వచ్చేరా అమ్మా?" అంటారాయన వెనక్కి తిరక్కుండానే.

"వస్తే ఏవిస్తాను మావయ్యగారూ? నేల ఉసిరి ఎక్కడుందని? బజారు పొడి పొట్లాలు కట్టి, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాను. రేపట్నించి తలుపులు తియ్యను."

"మొక్కకి చెప్తున్నావా?"

వాళ్లింట్లో అదొక కట్టు. మొక్క పీకే ముందురోజు సాయంత్రం దాని దగ్గర కూర్చుని, రేపు ఫలానా మనిషి కోసం తీసుకుంటానని పేరు చెప్పాలి.

సత్యవేణి ఆగిపోతుంది, గట్టు మాత్రం నడుస్తూనే ఉంది. "పొట్లానికేం చెప్పను? మీకు కామెర్లు ముదిరినప్పుడు కంగారులో చెప్పకుండానే పీకేశాను. అందుకే మందు పట్టలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు."

ఆయన వెనక్కి తిరిగి నవ్వుతారు. కళ్లలో పసుపు లేదు.

"పిచ్చిదానా! నువ్వు మర్చిపోతావని ముందురోజు నేనే దేక్కుంటూ వెళ్లి చెప్పొచ్చేను."

"మీ పేరేనా?"

"నాకెందుకే ఇంక? నీ పేరు చెప్పేను. ఒక్కర్తీ ఉంటుంది, కాస్త కనిపెట్టుకోమన్నాను. ఆకు తిప్పి చూడు..."

కాలవ ఆయన్ని మెల్లగా తనలో కలుపుకుంటోంది.

మెలకువ వచ్చేసరికి సత్యవేణి వైద్యశాల బల్ల మీదే ఉంది. మిట్టమధ్యాహ్నం. ఇవాళా ఎవరూ రాలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది, ఊరుకోమనడానికి మనిషి లేడు.

మొహం కడుక్కుందామని పెరట్లో తూము దగ్గరకు వెళ్లింది. రోజూ మందు నూరే కల్వం కడిగిన నీళ్లు పారబోసేచోట, రాతి పగుల్లో జానెడు నేల ఉసిరి, ఒక్కటే. ఇన్నాళ్లూ నీళ్లు పోసింది గానీ చూడలేదు. రెమ్మ తిప్పితే ఆకుల కింద ఆవగింజలంత కాయలు వరసగా ఉన్నాయి.

అక్కడే చతికిలబడింది. "గింజలు రాలేదాకా నిన్ను ముట్టుకోను. అందాకా తలుపులు తీసే ఉంచుతాను," అంది.

ఎవరి కోసమో చెప్పాలి గనక, తన పేరు చెప్పింది.