ప్రశ్నలో చివరి వాక్యం

"నీకు తెలివి లేక కాదే, ఏకాగ్రత లేక" అన్నాడు భర్త, ఆమె మడతపెట్టిన చొక్కాల్లో అడుగున ఉన్నదాన్ని లాగుతూ. మడతలన్నీ కూలిపోయాయి. ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

ఏకాగ్రతట! ఇద్దరూ ఒకే కాలేజీలో వైద్యం చదివారు. క్లాసులో ఎప్పుడూ ఆమెదే పైచేయి. తీరా డాక్టరుగా పనిచేయడానికి రాయాల్సిన లైసెన్సు పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఆయన మొదటిసారే గట్టెక్కాడు, ఆమె రెండుసార్లు తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే. ఆయన చదివే రోజుల్లో ఈ ఇల్లు ఎలా ఉండేదని! గది తలుపు మూసి, బయట ఆమే కాపలా కాసేది. దగ్గొస్తే అత్తగారు వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేది. ఇప్పుడో, "చదువుకుంటున్నావా అమ్మాయ్? చదువుకో, చదువుకో, ఈ కాసిని కూరలు తరిగేసి" అంటుంది. పాపం, ఆవిడ మనసులో విషమేమీ లేదు. కోడలికి పని చెప్పడం ఆవిడకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు, అంతే.

నిన్న ఆమె ఇంట్లో రాసిన నమూనా పరీక్షను ఆయనే దిద్దాడు. దిద్దుతూ దిద్దుతూ పగలబడి నవ్వాడు.

"చూడవే, రోగాలన్నీ కరెక్టుగానే చెప్పావు. కానీ వాళ్ళడిగింది అది కాదు! ముందుగా ఏం చేయాలని అడిగితే రోగం పేరు చెబుతావేంటి?"

పేపరు వంటింట్లోకి తీసుకెళ్ళి చూసుకుంది. నిజమే. తప్పులన్నీ ఒకే రకం. ప్రశ్నలో ఇచ్చిన రోగి కథ సగం చదవగానే రోగం తెలిసిపోయింది, జవాబు పెట్టేసింది. అసలు ప్రశ్న ఉండే చివరి వాక్యం చదవనేలేదు. ఈ అలవాటు ఎక్కడిదా అని గరిటె తిప్పుతూ ఆలోచిస్తుంటే తట్టింది. ఈ ఇంట్లో ఏ ప్రశ్నా చివరిదాకా చదవనివ్వరు. ఆలోగా ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ పిలుపుకంటే ముందే జవాబు పెట్టేయడం నేర్చుకుంది. ఎవరూ పిలవని పరీక్ష హాల్లో కూడా అలాగే పరుగెత్తింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ముందు తన మీదే కోపం వచ్చింది. కాసేపటికి అది చేరాల్సిన చోటికి చేరింది.

ఇవాళ ఆయనకు సెలవు. "పరీక్ష రాసుకుంటాను, అయ్యేదాకా పిలవకండి" అంది.

"దానికేం భాగ్యం!" అన్నాడు.

గదిలోకి వెళ్ళి, పెళ్ళయ్యాక మొదటిసారి లోపల గడియ పెట్టుకుంది. మొదటి ప్రశ్న సగానికి రాకముందే తలుపు దబదబలాడింది.

"అమ్మాయ్, స్టవ్ మీద పాలు!" అత్తగారు.

"ఏమే, పొంగిపోతున్నాయే!" ఆయన.

అలవాటు కొద్దీ ఆమె సగం లేచింది. మళ్ళీ కూర్చుంది.

"మీరు డాక్టరు కదండీ" అంది కూర్చున్నచోటి నుంచే. "ముందుగా ఏం చేయాలో మీరే ఆలోచించండి."

తలుపు కిందనుంచి మాడువాసన లోపలికొచ్చింది. ఆమె ఆ ప్రశ్నను మళ్ళీ మొదటినుంచి చదివింది, చివరి వాక్యం దాకా.