ఆరుగురూ తిరగాల్సిందే

ఖాదర్ హుస్సేన్ సార్‌కి కోచ్ సర్టిఫికెట్ ఏదీ లేదు. ప్రొద్దుటూరు నుంచి దుబాయ్ వచ్చి అల్ ఖూజ్ గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. లేబర్ క్యాంపుల వాలీబాల్‌లో ఆయన షాట్‌ని ఆపినవాడు లేడు. 2004లో మా దుబాయ్ కాలేజీ ఆడపిల్లల టీమ్ పెట్టి, కోచ్ దొరక్క ఆయన్ని పిలిచింది. తన ఒక్క శుక్రవారం సెలవూ మాకిచ్చేశారు.

నన్ను చూడగానే, "ఈ పాప నెట్ కింద దూరిపోతాదే!" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నన్ను వెనక్కి పంపి, పొడగరి అజ్రాను ముందు నిలబెట్టి, "నువ్వు షూటర్‌వి. ఆడనుంచి కదలొద్దు" అన్నారు. క్యాంపుల్లో ఆట అంతే. ఆట ముగిసేదాకా ఎవరి చోటు వాళ్లదే.

మొదటి టోర్నమెంట్‌లో చెప్పినట్టే కదలకుండా నిలబడ్డాం. రిఫరీ విజిల్ మాత్రం ఆగలేదు. అవతలివాళ్ల దగ్గర్నుంచి సర్వీస్ మనకొచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో చోటు జరగాలట! సగం పాయింట్లు బంతి ముట్టకుండానే పోయాయి. చూడ్డానికొచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. "వచ్చే ఏడాది ఒక్క మ్యాచైనా గెలవకపోతే టీమ్ ఖలాస్" అనేశారు కాలేజీ మేనేజర్ రామచంద్రరావు గారు.

తిరుగు బస్సులో ఇంకొకరైతే రిఫరీని తిట్టేవారు. సార్ లేచి నిలబడ్డారు.

"తప్పు నాదిమ్మా. ఇరవై ఏండ్లు ఆడినా ఈ రూలు నాకు తెల్దు. ఆ రూల్స్ పుస్తకం ఎవురన్నా సదివి చెప్పండి. మల్లా మొదట్నుంచి నేర్సుకుందాం."

ఆయన మీద నా కోపం ఆ బస్సులోనే సగం పోయింది. మిగతా సగాన్ని ఆయనే వారం వారం పెంచి పోషించారు. అజ్రా చేత నేలబారు బంతులు తీయించారు, నా చేత షాట్లు కొట్టించారు. నేను కొట్టినవన్నీ నెట్‌లోకే.

"నా వల్ల కాదు సార్."

"కాకపోతే ఎట్ల? తిరిగి తిరిగి నువ్వు ముందుకొస్తావు గదా, అప్పుడు ఎవుర్ని పిలుస్తావు? ఎదుటామె చేతుల పైనుంచి పోకపోతే ఆ చేతుల అంచుకే కొట్టు. తగిలి బయట పడితే పాయింటు మనదే. యల్లా, కానీ, ఇంగోటి!"

చేతులు వాచాయి. అమ్మ సార్‌నీ నన్నూ కలిపి తిట్టింది. నేను మానలేదు.

మరుసటి ఏడాది మొదటి మ్యాచ్. ఆఖరి సెట్లో పద్నాలుగు, పదమూడు. మాకు ఒక్క పాయింట్ చాలు. తీరా చోట్లు జరిగేసరికి అజ్రా వెనక సర్వీస్‌కి, నేను నెట్ ముందుకీ వచ్చాం.

రామచంద్రరావు గారు పరుగున వచ్చి, "ఆ పొట్టిదాన్ని తీసి బెంచీ మీదున్న పొడుగుపిల్లను దించవయ్యా! టీమ్ పోతుంది" అన్నారు. నిజం చెప్పొద్దూ, తీసేస్తే బాగుండని నాకూ అనిపించింది.

"తీయను సార్" అన్నారు ఖాదర్ సార్.

అజ్రా సర్వీస్ చేసింది. బంతి తిరిగొచ్చింది. మావాళ్లు ఆపి నాకు లేపారు. ఎగిరి, ఎదుటమ్మాయి చేతుల అంచుకు కొట్టాను. వేళ్లకు తగిలి బంతి గీత బయట పడింది. గెలిచాం.

"అంత మొండితనమేమిటయ్యా? ఓడిపోయుంటే?" అన్నారు రామచంద్రరావు గారు, రొప్పుతూనే.

"ఓడిపోయింటే టీమ్ పోయేది సార్. తీసేసింటే ఆ పాప పోయేది."

అందరి ముందూ బావురుమన్నాను.